యంత్రాలకు మారుమనువు

మన ఇళ్లల్లో ఏ వస్తువూ ఒక్క జన్మతో సరిపెట్టుకోదు. చీర పాతబడితే బొంతవుతుంది. బొంత చివికితే మసిగుడ్డవుతుంది. మసిగుడ్డగా కూడా పనికిరాకుండా పోయాక సైకిలు తుడుచుకోవడానికి మగవాళ్లు పట్టుకుపోతారు. హార్లిక్స్ సీసాలో మెంతులు, డాల్డా డబ్బాలో తులసి మొక్క, పెళ్లి శుభలేఖ వెనక చాకలి పద్దు - ఇవన్నీ మనకి ఎవరూ నేర్పిన విద్యలు కావు. మా ఖమ్మంలో ఉల్లిగడ్డల బండి వీధిలోకి వచ్చి "పాత సామాన్లకు ఉల్లిగడ్డలూ" అని కేక పెడితే, మా అత్తగారు ప్రతి ఇనుప ముక్కనూ మూడుసార్లు తిప్పి చూస్తారు. తిప్పి చూశాక సగం ముక్కలు మళ్లీ ఇంట్లోకే వెళ్లిపోతాయి.

అలాంటి మనం ఒక్క వస్తువు దగ్గర మాత్రం తెల్లమొహం వేస్తాం. అటక మీదో, మంచం కిందో, దుప్పటి కప్పుకుని పడుకుని వుంటుంది చూడండి - పాత కంప్యూటరు. పాతికవేలో ముప్పైవేలో పోసి కొన్నది గనక పారెయ్యబుద్ధి కాదు. వాడదామంటే పని చెయ్యదు. చీరనైతే చింపుతాం, డబ్బానైతే కడుగుతాం. దీన్ని ఏం చెయ్యాలో తెలియదు. ఎందుకని? దీని మూత మనం ఎప్పుడూ విప్పి చూడలేదు.

నేను బి.ఏ. లో చరిత్ర చదివినదాన్ని. కరెంటు ప్లగ్గు పెట్టాలన్నా ఓసారి దణ్ణం పెట్టుకునే రకం. కానీ పాత కంప్యూటర్ల సంగతి తవ్విన కొద్దీ నాకు రాజుల చరిత్రంత రుచిగా తోచింది. అందులో కొట్లాటలున్నాయి, వలసలున్నాయి, కోట తలుపులున్నాయి. కోట తలుపంటే మరేం కాదు, ఆ మూతే. దాన్ని ఎవరు విప్పవచ్చు, ఎవరు విప్పకూడదు అన్న తగువే కథంతా.

కంప్యూటరు మన దేశానికి కొత్తగా వచ్చిన రోజుల్లోనే పాతదై వచ్చింది. మాటల గారడీ అనుకోకండి. ఐ.బి.ఎం. అనే అమెరికా కంపెనీ 1959లో 1401 అనే యంత్రాన్ని ప్రకటించింది. బీరువాలంతేసి పెట్టెలు. వాటికి చిల్లులు పొడిచిన అట్ట కార్డులు తినిపించే యంత్రం ఒకటి, కాగితాలు వెళ్లగక్కే యంత్రం ఇంకొకటి. అక్కడ అది బ్రహ్మాండంగా చెల్లింది. 1964లో అదే కంపెనీ సిస్టమ్ 360 అనే కొత్త వరస ప్రకటించేసరికి, అమెరికా ఆఫీసులవాళ్లు అద్దెకు తెచ్చుకున్న 1401లను మెల్లగా వెనక్కి అప్పగించడం మొదలుపెట్టారు. అలా పుట్టింటికి తిరిగొచ్చిన యంత్రాలు కొన్ని ఓడెక్కి బొంబాయి చేరాయి. అక్కడ విప్పి, అరిగిన భాగాలు మార్చి, బాగుచేసి మన దేశంలోని ఆఫీసులకు ఇచ్చారు.

ఇచ్చారంటే అద్దెకే సుమా! యంత్రం వాళ్లది, మరమ్మతు వాళ్లది, అద్దె మాత్రం మనది. అద్దె ఇంట్లో గోడకి మేకు కొడితే ఇంటాయన ఎలా ఉరిమి చూస్తాడో మీకు తెలియనిది కాదు.

ఆ 1401కి జ్ఞాపకశక్తి ఎంతో తెలుసా? మామూలుగా తగిలించగలిగినదంతా తగిలించినా 16,000 అక్షరాలు. ఈ వ్యాసం అందులో పట్టుతుందో లేదో అనుమానమే. ఆ జ్ఞాపకం వుండేది ఎందులోననుకున్నారు? ఆవగింజంతేసి అయస్కాంతపు పూసల్లో. ఒక్కో పూసలోంచి సన్నని తీగెలు అడ్డంగా, నిలువుగా దూర్చి, వలలా అల్లేవారు. పూసను తీగెలోని కరెంటు ఒకవైపు తిప్పితే ఒకటి, రెండోవైపు తిప్పితే సున్న. ఆ రోజుల్లో ఇలాంటి పూసల వలలు అల్లిన చేతులు చాలావరకు ఆడవాళ్లవి. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల కంప్యూటర్లకు జ్ఞాపకాన్ని తీగెలతో అల్లింది కూడా అమెరికాలో ఒక ఫ్యాక్టరీ ఆడవాళ్లే. నల్లపూసలు గుచ్చడం తెలిసిన మనకి ఆ బొమ్మ చూస్తే ఏమీ పరాయిగా అనిపించదు. ఈ సంగతి నాకు డిగ్రీలో ఎవరూ చెప్పలేదు. చెప్పి వుంటే కంప్యూటరంటే అంత బెదిరి వుండేదాన్ని కాదేమో.

సరే, అద్దెకథ. 1970ల నడిమికి పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ కళ్లు ఈ పాత యంత్రాల మీద పడ్డాయి. బయట కాలం చెల్లిన సరుకు తెచ్చి ఇక్కడ ఇన్నేళ్లుగా ఇంత అద్దె గుంజడమేమిటని గట్టిగానే నిలదీసింది. అప్పటికే 1973లో వచ్చిన విదేశీ మారక ద్రవ్య చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు ఇక్కడి వ్యాపారంలో తమ వాటాను తగ్గించుకోవాలి. ఐ.బి.ఎం. ససేమిరా అంది. జనతా ప్రభుత్వంలో జార్జి ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రి. ఆయనా తగ్గలేదు. 1977లో కోకా కోలా మూటా ముల్లె సర్దుకుంటే, 1978లో ఐ.బి.ఎం. కూడా సర్దుకుంది. కోకా కోలా పోతే గోలీ సోడా తాగాం. మరి దేశమంతటా ఆఫీసుల్లో వున్న ఆ యంత్రాలు చెడితే?

అందుకే ప్రభుత్వం 1975లోనే ఒక కంపెనీని పెట్టి వుంచింది. పేరే కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. మనం సి.ఎం.సి. అంటాం. ఐ.బి.ఎం. వెళ్లిపోయాక ఆ యంత్రాల బాగోగులు దాని నెత్తిన పడ్డాయి. ఇంటాయన ఊరొదిలి వెళ్లిపోయాక అద్దెకున్నవాళ్లే నిచ్చెన వేసుకుని పైకప్పు చూసుకోవలసి వచ్చిందన్నమాట. పరాయి యంత్రాన్ని, అందులోనూ పాతదాన్ని, మన కుర్రాళ్లు సొంత చేతులతో విప్పి బిగించారు. అలా బిగించడం నేర్చిన కంపెనీయే 1980ల నడుమ ఢిల్లీలో రైలు టిక్కెట్ల రిజర్వేషనును కంప్యూటరు మీదికి ఎక్కించింది. దాని పరిశోధన చాలా భాగం మన జంటనగరాల్లోనే నడిచింది. 2015లో అది టి.సి.ఎస్. లో కలిసిపోయి పేరు మాయమైంది. ఆడపిల్ల ఇంటిపేరులాగే అనుకోండి.

నన్నడిగితే ఐ.బి.ఎం. పాత యంత్రం ఇచ్చినందుకు నాకేం కోపం లేదు. పాతది వాడుకోవడం మనకి నామోషీ ఎప్పుడూ కాదు. తాళం వేసి ఇచ్చారు చూడండి, అక్కడే నాకు అభ్యంతరం.

తాళం లేని యంత్రాన్ని మనమే చేసుకుందామన్నవాళ్లు కూడా మన హైదరాబాదులోనే వున్నారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు 1967లో ఇ.సి.ఐ.ఎల్. ను నిలబెట్టారు. 1969లో అక్కడ టి.డి.సి.-12 అనే కంప్యూటరు తయారైంది. మన దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన మొదటి డిజిటల్ కంప్యూటరు అదే. మన అమ్మల కాలం వాళ్లకి ఆ కంపెనీ పేరు ఇ.సి. టీవీతో గుర్తు, మనకి ఓటు మీట నొక్కినప్పుడు కుయ్యిమనే యంత్రంతో. ఆయన పేరు ఎ.ఎస్. రావు నగర్ గా ఇప్పుడు సిటీ బస్సు బోర్డు మీద తిరుగుతోంది. ఆ కాలనీలో ఇల్లు కొనుక్కున్న మా బంధువులొకరికి ఆ ఏ.ఎస్. ఎవరో తెలియదంటే నాకు ఒళ్లు మండింది.

ఇదంతా బొంబాయి, హైదరాబాదుల కబుర్లు, మీ అడవి అంచున ఏముందమ్మా అంటారా? ఖమ్మం నుంచి భద్రాచలం దారిలో ఓసారి బస్సెక్కండి. పాపికొండల బొమ్మలు చూసి ఇదంతా వట్టి అడవి అనుకునేవాళ్లకి చెబుతున్నా. ఇల్లెందు దగ్గర బొగ్గుందని విలియం కింగ్ అనే దొర 1871లో కనిపెట్టాడు. 1889 నుంచి తవ్వుతున్నారు. 1920 నుంచి కంపెనీ పేరు సింగరేణి. పాల్వంచలో 1960లలో వచ్చిన థర్మల్ విద్యుత్ కేంద్రం, గోదావరికి ఇవతల సారపాకలో 1979లో మొదలైన కాగితపు అట్టల మిల్లు, అశ్వాపురంలో భారజల కర్మాగారం. టేకు చెట్ల మధ్య ఇన్ని యంత్రాలున్న దారి మన రాష్ట్రంలో ఇంకోటి చూపించండి చూద్దాం. యంత్రాలున్న చోట మెకానిక్కులుంటారు. మెకానిక్కులున్న క్వార్టర్లలో పిల్లలు స్క్రూడ్రైవరు పట్టుకునే పుడతారు.

ఆ మాటకొస్తే మా భద్రాచలమే చేతులు మారిన వస్తువు. తూర్పు గోదావరి జిల్లాలో వుండేది, 1959లో ఖమ్మానికిచ్చారు. 2014లో చుట్టూ వున్న మండలాలు ఆంధ్రాకు వెళ్లాయి. 2016లో ఊరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. రాముడు మాత్రం కదలకుండా అక్కడే వున్నాడు.

ఈ స్క్రూడ్రైవరు పిచ్చి కంప్యూటర్లతో మొదలవలేదు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యం దగ్గర మిగిలిపోయిన వైర్‌లెస్ సెట్లు, వాల్వులు, మీటర్లు గుట్టలు గుట్టలుగా బజారుకొచ్చాయి. డిస్పోజల్స్ సరుకనేవారు. బాంబులు వేసే విమానాల్లో కూచున్న రిసీవర్లు అలా ఇళ్లల్లోకి వచ్చి, బల్ల మీద కూచుని దేశదేశాల స్టేషన్లు వినిపించాయి. కొత్తవి దిగుమతి చేసుకోవాలంటే సుంకాలు, పర్మిట్లు. అందుకని మన దేశంలో రేడియో సరదాపరులు తరాల తరబడి పాత సామాన్లతోనే కాపురం చేశారు. మామూలు రేడియో వినడానికే 1980ల నడుమ దాకా పోస్టాఫీసులో లైసెన్సు కట్టే కాలం మరి! వీళ్లలో పరీక్ష రాసి, సర్కారు అనుమతి తీసుకుని, తామే ప్రసారం చేసేవాళ్లని హామ్‌లంటారు. మన దేశపు హామ్ పేరు వి.యు. అనే అక్షరాలతో మొదలవుతుంది. హైదరాబాదులో 1983లో వీళ్లకోసం జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వెలిసింది.

వైర్‌లెస్ మాట ఎత్తాక గోదావరి మాట ఎత్తకుండా మా వైపు వాళ్లం వుండలేం. మా భద్రాచలంలో పసిపిల్లాడికి కూడా మూడు అంకెలు కంఠతా వస్తాయి: 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 1986 ఆగస్టులో నీళ్లు 75.6 అడుగులకెక్కాయి. ఆ రికార్డు ఇంతవరకు చెదరలేదు. 2022 జూలైలో 71.3 దాకా వచ్చి, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. వరద వచ్చినప్పుడు ముందు రోడ్డు పోతుంది, తర్వాత కరెంటు పోతుంది, ఆ వెనకే ఫోనూ పోతుంది. అప్పుడు మాట చేరవెయ్యగలిగేది బ్యాటరీ మీద నడిచే చిన్న వైర్‌లెస్ సెట్టు. ఆడుకునే వస్తువు లాంటిది.

ఆ ఆటబొమ్మ విలువేమిటో 2004లో లోకమంతా చూసింది. హైదరాబాదు సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు, హామ్ లోకంలో వి.యు.2 ఆర్.బి.ఐ., ఆ డిసెంబరులో కొందరితో కలిసి అండమాన్ వెళ్లారు. ఏళ్ల తరబడి అనుమతి దొరకని ఆ దీవుల నుంచి ప్రపంచంలోని హామ్‌లందరినీ పలకరించాలని సరదా. పోర్ట్ బ్లెయర్‌లో ఏరియల్ కట్టుకుని పలకరింపులు నడుస్తుండగానే డిసెంబరు 26 పొద్దున భూమి కంపించింది, సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. సరదా కోసం తెచ్చిన సెట్లే అప్పుడు దీవులకీ ప్రధాన భూమికీ మధ్య వార్తలు మోశాయి. ఎవరు బతికున్నారు, ఎవరికేం కావాలి అన్న కబుర్లన్నీ వాటి మీదే. చీర కొంగు బిగించి మైకు ముందు కూచున్న ఒక ఆడమనిషి గొంతు కోసం ఎంతమంది తల్లులు ఎదురుచూసి వుంటారో ఊహించుకోండి. ఇంట్లో పిల్లవాడు తీగెలు పరిచి కూచుంటే "చదువు మానేసి ఈ చెత్తేమిట్రా" అనబోయే ముందు నాకు ఆవిడ గుర్తొస్తారు.

ఇంతకీ ఈ హామ్‌లకీ మన అటక మీది కంప్యూటరుకీ చుట్టరికం ఏమిటంటే - హామ్ సెట్టు సాధారణంగా 13.8 వోల్టుల మీద నడుస్తుంది. దానికి తగ్గ పవర్ సప్లై కొత్తది కొనాలంటే వేలల్లో వుంటుంది. పాత కంప్యూటరులో వెనకవైపు ఫ్యానుతో ఒక రేకు డబ్బా వుంటుంది చూశారూ, ఎస్.ఎం.పి.ఎస్. అంటారు, అది ఇంటి కరెంటును 12 వోల్టులకూ, 5 వోల్టులకూ దింపి ఇస్తుంది. తెలిసినవాళ్లు దాన్ని కాస్త సవరించి 13.8 చేసుకుంటారు. మనిషి చచ్చిపోయాక కళ్లు దానం చేసినట్టు, కంప్యూటరు పోయినా దాని గుండె ఇంకో పెట్టెలో కొట్టుకుంటుంది.

మిగతా అవయవాలూ తక్కువేం కాదు. పాత ఫ్లాపీ డ్రైవులో, ప్రింటరులో స్టెప్పర్ మోటారని ఒకటుంటుంది. మామూలు మోటారులా గిరగిరా తిరగదు; మీరు చెప్పినన్ని అడుగులే, గుళ్లో ప్రదక్షిణం చేసినట్టు లెక్కగా వేస్తుంది. బొమ్మలు గీసే యంత్రం చెయ్యాలన్నా, చిన్న రోబో చెయ్యి కదపాలన్నా అదే ఆధారం. హార్డు డిస్కులో గోరుకి అంటుకుంటే విదిలించుకోలేని అయస్కాంతాలుంటాయి. పోలండులో ఒక ఇంజనీరు 64 పాత ఫ్లాపీ డ్రైవులు గోడలా పేర్చి, వాటి మోటార్ల గుర్రు చప్పుడుతోనే పాటలు వాయించాడు. ఫ్లాపోట్రాన్ అని పేరు. పిల్లలు చూపిస్తే విన్నాను. శ్రావ్యంగా వుందని అబద్ధం చెప్పను గానీ, మా వీధి బ్యాండు మేళం కన్నా శ్రుతిలో వుంది.

కంప్యూటరులోని చిన్న ఫ్యాను 12 వోల్టులది. మోటారు సైకిలు బ్యాటరీ 12 వోల్టులే. యు.పి.ఎస్. లోని బ్యాటరీ సాధారణంగా 12 వోల్టులే. చిన్న సోలారు పలకలు కూడా ఆ లెక్కలోనే దొరుకుతాయి. పట్నంలో ఈ సంగతి ఎవరికీ అక్కర్లేదు. అడవి అంచున గాలివాన వస్తే రెండు రోజులు కరెంటు లేకుండా పోయే గూడెంలో అక్కరుంది. పాత ఫ్యాను విసనకర్రంత గాలే ఇస్తుంది. కానీ అది తాగే కరెంటు ఎంత తక్కువంటే మంచి బ్యాటరీ మీద రాత్రంతా తిరుగుతుంది. బాలింత పక్కలో విసనకర్రంత గాలి తెల్లవార్లూ వుంటే చిన్న సంగతా?

ఈ పాత సామాన్ల విద్య మళ్లీ పిల్లల చేతికి వచ్చిన కథలో ఇంకొక మలుపుంది. దానికి కాస్త ఇంగ్లండు వెళ్లిరావాలి. అక్కడ బి.బి.సి. వాళ్లు పిల్లలకి కంప్యూటరు నేర్పాలని 1981లో ఏకార్న్ అనే చిన్న కంపెనీ చేత బి.బి.సి. మైక్రో అనే యంత్రం చేయించారు. దాని ప్రత్యేకత ఏమిటంటే, బయటి తీగెలు తగిలించుకోవడానికి చోటు కావాలని వదిలారు. దీపం వెలిగించు, మోటారు తిప్పు, ఏం చేస్తావో చెయ్యి అని. 1984లో మన ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద అవే యంత్రాలను తెప్పించి ఇక్కడి బడుల్లో పెట్టింది. మొదటి విడత 250 బడులు.

ఆ ఏకార్న్‌లో సోఫీ విల్సన్ అనే ఆవిడ, స్టీవ్ ఫర్బర్ అనే ఆయన కలిసి కొత్త చిప్పు ఒకటి ఆలోచించారు. దాని భాషంతా ఆవిడదే. 1985 ఏప్రిల్‌లో మొదటి చిప్పు వచ్చినప్పుడు, దాన్ని పరీక్షించడానికి బి.బి.సి. మైక్రోకే తగిలించారు. చిప్పు ఎంత కరెంటు తీసుకుంటోందో చూద్దామని మీటరు పెడితే ముల్లు సున్న దగ్గరే వుంది. చిప్పు మాత్రం పని చేస్తూనే వుంది! తీరా చూస్తే దానికి కరెంటు కలపడమే మరిచిపోయారు. పక్క తీగెల్లోంచి కారిన చుక్కలతోనే బతికేస్తోంది. మన సంసారాల్లో ఇల్లాలి పొదుపు లాగుంది నాకైతే. ఆ చిప్పు సంతతే ఏ.ఆర్.ఎం. ఇప్పుడు మీ చేతిలో వున్న సెల్‌ఫోను గుండెకాయ దాదాపుగా ఆ వంశానిదే. తర్వాత 2012లో కేంబ్రిడ్జిలో కొందరు, ఈ కాలం పిల్లలు కంప్యూటరు వాడటమే తప్ప విప్పడం మరిచిపోయారని బెంగపడి, ఆ పాత బి.బి.సి. మైక్రోను తలుచుకుంటూ, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అనే కంప్యూటరు తెచ్చారు. అంతకుముందే 2005లో ఇటలీలో ఆర్డుయినో అనే చిన్న పలక వచ్చింది. ఈ రెంటిలో ఒకటి చేతికొస్తే పాత ప్రింటరు మోటారు మళ్లీ అడుగులు వేస్తుంది, పాత ఫ్యాను చెప్పిన మాట వింటుంది.

మా వైపు బడుల సైన్సు ప్రదర్శనలకు వెళ్లడం నాకు అలవాటు. నవలకి కథలు దొరుకుతాయని ఆశ. పిల్లలు చేసినవి మీరూ చూసే వుంటారు: ట్యాంకు నిండితే కూసే బజరు, దొంగొస్తే మోగే గంట, వాన పడితే ముడుచుకునే దండెం. ఓసారి అడవి వైపు బడి నుంచి వచ్చిన ఓ ఎనిమిదో తరగతి పిల్ల ప్లాస్టిక్ బకెట్టులో నీళ్లు పోసి, పాత ఫ్యాను తీగెలతో, పాత పెట్టెలోంచి ఊడదీసిన చిన్న దీపాలతో మూడు హెచ్చరికలు చూపించింది. పసుపు, నారింజ, ఎరుపు. ఇది దేనికమ్మా అంటే, "గోదారి మేడమ్" అంది, ఇంతేనా తెలియదన్నట్టు. తీగెలు ఎవరు కలిపిచ్చారని అడిగాను. "నేనే కలిపిన మేడమ్. మా అన్న ముట్టుకుంటే ఖరాబ్ చేస్తడు" అంది. ఆ పిల్లకి బహుమతి రాలేదు. ధర్మోకోలు తాజ్‌మహల్‌కి వచ్చింది. న్యాయనిర్ణేతల అభిరుచి గురించి ఇంతకన్నా రాస్తే బాగుండదు.

జాగ్రత్తలు చెప్పకపోతే మీ ఇంట్లో పిల్లలు రేపే స్క్రూడ్రైవరు పట్టుకుంటారు గనక చెప్పేస్తాను. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బా మూత మాత్రం పిల్లల చేత విప్పించకండి. ప్లగ్గు పీకేశాక కూడా అందులోని కెపాసిటర్లలో 300 వోల్టుల దాకా కరెంటు కాసేపు నిలవ వుంటుంది, ఊరగాయ జాడీలో ఘాటులాగా. బయటికి వచ్చే తీగెలు చాలు: నలుపు అంటే సున్న, పసుపు 12, ఎరుపు 5, నారింజ 3.3. ఆకుపచ్చ తీగెను నల్లదానికి కలిపితే పెట్టె మేలుకుంటుంది. పాత బుర్రటీవీ లాంటి మానిటరు జోలికి అసలు పోవద్దు. దాని అద్దం వెనక వేల వోల్టుల సంగతి. ఇంకొకటి, పెట్టెను ఎవరికైనా ఇచ్చే ముందు హార్డు డిస్కు తీసి దాచుకోండి. అందులో మీ ఫొటోలూ, బ్యాంకు లెక్కలూ వుంటాయి. సాంబారు గిన్నె ఇచ్చేటప్పుడు కడిగి ఇస్తామా లేదా?

పనికొచ్చేవన్నీ తీసుకున్నాక మిగిలిన ఎముకల గూడు ఎక్కడికి పోతుందన్నది సరదా ప్రశ్న కాదు. 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగేసింది. పద్ధతిగా సేకరించి శుద్ధి చేశామని లెక్క చూపగలిగింది అందులో నాలుగో వంతు కూడా లేదు. టన్ను బంగారు రాయిలో కన్నా టన్ను సర్క్యూటు పలకల్లో బంగారం ఎక్కువ వుంటుంది. మా వీధి పాత సామాన్లతనికి ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. "అక్కా, మదర్ బోర్డుంటే ఏరుగ ఇయ్యి, దానికి రేటెక్కువ" అంటాడు. ఆ పలకలు చేతులు మారి మారి ఢిల్లీలోని సీలంపూర్ లాంటి చోట్లకు చేరతాయి. అక్కడ రాగి కోసం తీగెలు తగలబెడతారు, బంగారం కోసం ఆమ్లాల్లో ముంచుతారు. సీసం పొగ పీల్చేది ఆడవాళ్లూ పిల్లలూనే. మన హైదరాబాదులోనే సి-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధనాలయం ఈ పలకల్లోంచి లోహాలను శుభ్రంగా తీసే పద్ధతి తయారు చేసింది. 2012 నుంచి చట్టమూ వుంది. అనుమతి వున్నవాళ్లకే ఇవ్వాలి. అయినా మన వీధికి వచ్చేది ఉల్లిగడ్డల బండే. అతని మీద నాకు కోపం రాదు. అనుమతి వున్న బండి ఒక్కటీ మా వీధిలోకి ఇంతవరకు రాలేదు.

చివరగా ఒక లెక్క. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఐదు వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటరు గదులు పెట్టారు. నడిపే కంపెనీలతో ఐదేళ్ల ఒప్పందం. గడువు తీరాక నేర్పేవాళ్లు వెళ్లిపోయారు. చాలా చోట్ల పెట్టెలు అలాగే మిగిలాయి. ఒక్కో పెట్టెలో ఒక ఎస్.ఎం.పి.ఎస్., రెండేసి ఫ్యాన్లు, నాలుగు దీపాలు, ఒక మోటారో రెండో. ఆ బడుల్లో కొన్ని మా అడవి అంచున వున్నాయి. ఒకదానికి వెళ్లాను, పోయిన ఏడాది. కిటికీలోంచి చూస్తే దుమ్ము పట్టిన పెట్టెలు వరసగా కూచుని కనిపించాయి. లోపలికి వెళ్లి చూడవచ్చా అని అడిగాను. "ఇన్వెంటరీ వస్తువులు మేడమ్, ముట్టుకోకూడదు" అన్నారు కొత్తగా వచ్చిన పంతులుగారు, పాపం ఆయనకూ చూడాలనే వుంది. తాళంచెవి ఎవరి దగ్గర వుందంటే, బదిలీ అయి వెళ్లిన మాస్టారి దగ్గర వుండిపోయిందట. ఆయన ఇప్పుడు ఏ మండలంలో వున్నారో కనుక్కుంటున్నారు.